బేరె, వేరే

పెంకుపురుగుకి సూది కుడి రెక్కలోంచి గుచ్చాలి.
ఎడమవైపు చెదరకూడదు,
యాభై ఏళ్ళ తరవాత ఎవరో వచ్చి పోల్చుకుంటారు.
మొదటిరోజు పుట్టస్వామయ్య నేర్పిన పాఠం ఇదొక్కటే.
మిగతాదంతా నాఫ్తలీన్ వాసన.

హెబ్బాళ దాటాక మా కీటకశాల.
సొరుగు లాగితే ఊళ్ళకి ఊళ్ళు నిద్రపోతున్నట్టుంటుంది.
ఒక్కోదాని కింద గోరంత చీటీ:
ఏ చోటు, ఏ రోజు, ఎవరు పట్టారు.
పేరుకి వేరే చీటీ. పేరు మారచ్చు,
చోటూ తేదీ మారవు.
ఒక ముసలి తూనీగ కింద చెరువు పేరుంది.
నెలకోసారి నేను గౌరిబిదనూరు బస్సెక్కేది
ఆ చెరువులోనే.

జూలై తుంపరలో మేడమీద తెల్లదుప్పటి కట్టి
దీపం పెట్టాం.
వచ్చినవాటికి మా అమ్మమ్మకైతే నాలుగు పేర్లు చాలు:
ఉసిళ్ళు, దోమలు, కుమ్మరిపురుగు, ఏదో పురుగు.
ఆ ఏదోలో రెండువందల పదమూడు రకాలున్నాయి,
తెల్లారేదాకా లెక్కపెట్టాను.
ఏదో అన్నది ఎంత పెద్ద దేశం!

అందులో ఒకటి, ఆవగింజలో సగం,
కందిరీగల వంశం.
కాగితపు ముక్కోణం కొసన జిగురుచుక్క, దాని మీద అది.
అద్దం కింద అది, పైన నేను.
మీసానికి కణుపులు పదమూడా? అయితే ఆరుకి వెళ్ళు.
రెక్క ఈనె కొసన గుబ్బ ఉందా? తొమ్మిదికి.
వెనకతొడకి పళ్ళున్నాయా? లేవు. పద్నాలుగు.
పద్నాలుగు దగ్గర దారి చీలింది:
నడుము పొడుగు,
లేదా నడుము పొట్టి.
దీని నడుము రెండూ కాదు.

మూడురోజులు ఆరుకీ పద్నాలుగుకీ మధ్య తిరిగాను.
ఈ ఊళ్ళో ఇల్లు అద్దెకడిగినప్పుడల్లా నన్నూ ఇలాగే అడిగారు,
ఆంధ్రావాళ్ళా, ఇక్కడివాళ్ళా?
ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, కలలో ఏది దొరికితే అది.
నేనూ పద్నాలుగు దగ్గరే నిలబడ్డాను
అడ్వాన్సు డబ్బు చేత్తో పట్టుకుని.

అమ్మమ్మ చెప్పేది:
కందిరీగ పురుగుని తెచ్చి మట్టిగూట్లో మూసి
చుట్టూ ఝుమ్మని తిరుగుతుందిట.
భయంతోనో భక్తితోనో దాన్నే తలుచుకుని తలుచుకుని
పురుగే కందిరీగ అవుతుందిట.
చదువుకునే రోజుల్లో గూడు పగలగొట్టి చూశాను.
పురుగు ధ్యానంలో లేదు.
ఒళ్ళు చచ్చుబడి, ప్రాణంతో ఉంది.
తల్లి పెట్టిపోయిన గుడ్డు పగిలి
ఒక తెల్లటి పిల్ల దాన్ని నెమ్మదిగా తింటోంది,
తొందర లేకుండా, అన్నం ముందు బుద్ధిగా కూర్చున్నట్టు.
అమ్మమ్మకి ఈ సంగతి చెప్పలేదు.
ఒకటి ఇంకొకటి అవుతుందన్న మాట మాత్రం నిజమే,
కానీ దానికి ఒక్క గూడు, ఒక్క వానాకాలం చాలవు.

నాలుగోరోజు పుట్టస్వామయ్య టీ గ్లాసు కింద పెట్టి
అద్దంలోకి వంగాడు.
ముప్పయ్యేళ్ళుగా జిగురు పెట్టిన చేతులు,
లాటిన్ ముక్క రాదు.
"బేరె" అన్నాడు.

వేరే.
ఒక్క అక్షరం అటూ ఇటూ.
నా పాలు ఆయన నోట్లో హాలు,
నా పువ్వు హూవు, నా పేరు హెసరు.
ఎప్పుడో ఒకే గూట్లో పొదిగిన మాటలు.
మధ్యలో ఏ కొండ అడ్డం పడిందో, ఏ ఏరు పొంగిందో,
ఏ రోజున విడిపోయాయో
కింద చీటీ లేదు.

చీటీ నేను రాశాను:
హెబ్బాళ, మేడమీద, దీపానికి వచ్చింది, తుంపర.
పట్టినవారు పుట్టస్వామయ్య.
పేరు చీటీ ఖాళీగా గుచ్చాను.

"ఒక్కదానితో ఏం తేలదమ్మా, జత దొరకాలి"
అంటూ ఆయన బయటికి వెళ్ళాడు.
కిటికీలోంచి కనిపిస్తోంది,
దుప్పటి ఉతికి, రెండుసార్లు దులిపి,
మబ్బుకేసి అనుమానంగా చూస్తూ
తీగ మీద ఆరేస్తున్నాడు.